భోజనాల బంతిని కత్తిరించనివ్వకండి

పాత పెళ్లి క్యాసెట్టును డిస్కులోకి ఎక్కించమని స్టూడియోకి తీసుకెళ్తే మొదట వినబడే మాట ఇది: "మూడు గంటలు ఎవరు చూస్తారండీ? ముప్పావుగంటకు కుదించి, మంచి పాటలు వేసి ఇచ్చేస్తాం." దయచేసి తల ఊపకండి.

పాటలు వేయడం అప్పుడే ఒకసారి అయిపోయింది. తొంభైల్లో పెళ్లి వీడియో అంటే మిక్సింగే. పెళ్లికూతురు తామరపువ్వులోంచి విచ్చుకోవాలి, తాళి కడుతుంటే సినిమా పాట మోగాలి. ఆ పాట కింద పురోహితుడి మంత్రం, సన్నాయి, "అక్షింతలేవిరా" అని మేనమామ వేసిన కేక అన్నీ అణిగిపోయాయి. పాట ఇప్పుడైనా దొరుకుతుంది, మేనమామ గొంతు దొరకదు. మిక్సింగుకు ముందటి అసలు క్యాసెట్టు అటక మీద ఉంటే ముందు దాన్నే ఎక్కించండి.

కుదించేవాళ్లు మొట్టమొదట కోసేది భోజనాల బంతిని. లైటు మొహాన పడగానే ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయిన పెద్దాయన, చెంగు అడ్డం పెట్టుకున్న పిన్ని, సాంబారు బకెట్టుతో పరుగెత్తే కుర్రాడు. స్టేజీ మీద ఫొటోకి నిలబడనివాళ్లంతా అక్కడే కనబడతారు. కొన్ని ఇళ్లలో తాతగారు కదులుతూ కనబడేది ఆ నాలుగు క్షణాలే.

ఆలస్యం మాత్రం చేయకండి. జేవీసీ 1976లో జపాన్‌లో తెచ్చిన ఈ వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు చివరిదాకా వీసీఆర్‌లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016లో వాటి తయారీ ఆపేసింది. ఇప్పుడు తిరుగుతున్నవన్నీ పాత యంత్రాలే. టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీలుస్తుంది, బూజూ పడుతుంది. మన కోస్తా ఊళ్ల ఉక్కపోత దానికి శత్రువు. క్యాసెట్టు అద్దంలోంచి తెల్లగా బూజు కనబడితే ఇంట్లో వేసి చూడకండి. ఆ బూజు హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్టునూ పాడుచేస్తుంది. అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రేకు ఇంకా ఊడకుండా ఉంటే విరిచేసి ఇవ్వండి. లేకపోతే పొరపాటున ఒక్క మీట నొక్కినా పెళ్లి చెరిగిపోతుంది. మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలు పట్టాల్సిందే, దగ్గరి దారి లేదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన పుట్టినరోజు క్యాసెట్ల సంగతి వేరు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతల బొమ్మ. మనది పాల్, 625 గీతలు. మన మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లేది, రంగు పోయేది. మనవణ్ణి సరిగ్గా చూడలేకపోయిన తాతమ్మలు ఎందరో! అది అమెరికా క్యాసెట్టని దుకాణంలో ముందే చెప్పాలి.

డిస్కు చేతికి రాగానే నిశ్చింత అనుకోవద్దు. ఇలా రాసిచ్చే డిస్కుల్లో బొమ్మ ఉండేది రంగుపొరలో. ఎండకూ వేడికీ అది చెడిపోతుంది. పైగా కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటే లేదు. వీడియోను ఫైలుగా హార్డ్‌డిస్కులో కూడా వేయించుకోండి, ఒక నకలు తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. క్యాసెట్టును పారేయకండి.

ఎక్కించాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎవరెవరు ఏ నిమిషంలో ఉన్నారో నోటుపుస్తకంలో రాసుకోండి. వాళ్లు తప్ప చెప్పేవాళ్లు ఉండరు. మా ఇంట్లో ఆ పని పెట్టుకున్నాం. రెండో వరుసలో మూడోసారి పూర్ణాలు వడ్డించుకుంటున్న ఆయన వియ్యాలవారి తరఫువాడా, పిలవకుండా వచ్చినవాడా అన్నది ఇంకా తేలలేదు.