విశాఖ రుచులు, దారిలో బెల్లము

శనివారము తెల్లవాఱుజామున బయలుదేఱి ఆదివారము రాత్రికి ఇల్లు చేరెడి పట్టణయాత్రలు ఇప్పుడు మన కుటుంబములలో వాడుకయైనవి. ఇట్టి యాత్రలకు పురుషులు చూడవలసిన వానిని పట్టిక వ్రాసికొందురు. మనకు మాత్రము ఆ రెండు దినములును పొయ్యి ముట్టింప నక్కఱ లేదన్నదే మొదటి వేడుక. ఒకరు వండి వడ్డింపగా కూర్చుండి తినుట మనకు పెండ్లిండ్లలో తప్ప దొరకదు. అక్కడను మధ్యలో లేచి ఎవరికో ఏదో అందింపవలసియే యుండును.

గతమాసమున మేము అమలాపురమునుండి విశాఖపట్టణమునకు అట్లు పోయి వచ్చితిమి. మఱిదిగారి కారును మా వారు నడపిరి. పిల్లలిద్దఱు, డెబ్బది యేండ్ల మా అత్తగారు వెంట నుండిరి. అత్తగారికి రెండు నియమములు కలవు. ఒకటి తాము పెట్టుకొన్నది: పరుల వంట ముట్టరు. దేవుని ప్రసాదము మాత్రము పరాన్నము కాదు. రెండవది వైద్యుడు పెట్టినది: మధుమేహమునకు మాత్ర వేసికొన్న పిదప భోజనము వేళ తప్పరాదు. ఈ రెండు నియమములును ఇంటిలో నున్నంతకాలము అక్కచెల్లెండ్రవలె కలిసియుండును. దారిలో నొకదానికొకటి అడ్డుపడునేమో యని మాకు మొదటినుండియు బెంగయే. అందుచేత అత్తగారి సంచిలో అటుకులు, పెరుగన్నము, అరటిపండ్లు పెట్టితిమి. ఆదివారము మధ్యాహ్నమునకు అన్నవరము చేరి, దేవస్థానమువారి అన్నప్రసాదమును స్వీకరింపవలెనని నిశ్చయించితిమి.

విశాఖలో శనివారమంతయు తిండి పండుగయే. మధ్యాహ్నము జగదాంబ కూడలి దాపున భోజనము చేసితిమి. పప్పును, వేపుడును మన యింటివానికంటె ఎక్కువ కాదు గాని, నువ్వులపచ్చడి మాత్రము వేఱు. ఆ ఉత్తరపు సీమలో నువ్వులకిచ్చు గౌరవము మన గోదావరి ప్రాంతమున ఆవపిండికిత్తుము. మా వారు రెండు మాఱులు అడిగి వేయించుకొనిరి. ఇంటిలో ఎన్నడైన అట్లడిగిరా యని తలచితిమి గాని, పైకి అనలేదు.

సాయంకాలము రామకృష్ణా బీచికి పోయితిమి. అక్కడ ఒడ్డుననే ‘కురుసుర’ అను జలాంతర్గామిని నిలిపియున్నారు. అది 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002నుండి ప్రదర్శనశాలగా నున్నది. పిల్లలు దానిలోపలికి పోయి, అందఱికిని వంట చేయు గది మన దేవుని గదియంత లేదని వచ్చి చెప్పిరి. మాకు ఆ యొక్క మాటయే చాలినది. మిగిలిన యంత్రముల సంగతి మా వారు చెప్పగా సగము విని ఊరకుంటిమి.

ఆ ఒడ్డున అమ్ము మురీమిక్చరు విశాఖకు పేరు తెచ్చిన చిరుతిండి. మనము మరమరాలని, బొరుగులని పిలుచుదానిని అక్కడివారు మురీలందురు. ఉత్కళ వంగదేశములలో మరమరాలకు ఉన్న పేరే సముద్రపుటొడ్డు వెంబడి దిగి వచ్చినది. డబ్బాలో మురీలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, వేరుసెనగపప్పు, కొత్తిమీర, నిమ్మరసము వేసి చెంచాతో గిలకొట్టి కాగితపు పొట్లములో పోసి ఇచ్చుదురు. తక్షణము తినవలెను, రెండు నిమిషములు జాగు చేసిన మెత్తబడి చప్పనగును. పక్కనే టమాటా బజ్జీలు వేయుచుండిరి. వీథిలో తినునప్పుడు మా లెక్క యొక్కటే. కాగు నూనెనుండి గాని, ఆవిరినుండి గాని, మన కన్నుల యెదుట దిగినదానిని తినవచ్చును. కోసి యుంచిన పండ్లను, ఎచ్చటి నీరో తెలియని పానీపూరీ రసమును పిల్లలు ఎంత యేడ్చినను ఇప్పింపము. అత్తగారు ఇసుకమీద చాప పఱచుకొని తమ పెరుగన్నము తినుచు, బజ్జీ మూకుడువైపు చూచుచు, “శనగపిండి పలుచన కలిపినాడు, నూనె పీల్చును” అని అక్కడినుండియే తీర్పు చెప్పిరి. చెప్పినట్లే పీల్చినది.

రాత్రి అరకు కాఫీ త్రాగితిమి. మన్యపు కొండలలో నీడచెట్ల క్రింద గిరిజనులు పండించు ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చికోరీ కలిసిన చిక్కని కాఫీకి అలవాటుపడిన మనకు మొదటి గ్రుక్క పులుపుగా తోచును. మూడవ గ్రుక్కకు ఆ పులుపే బాగున్నదనిపించును.

ఆదివారము ఉదయము సింహాచలము. అక్షయతృతీయనాడు తప్ప ఏడాది పొడుగున అప్పన్నస్వామి చందనపు పూతలోనే దర్శనమిచ్చును. అక్కడి పులిహోర ప్రసాదమును అత్తగారు గుప్పెడు మాత్రమే తిని, మాత్ర వేసికొనిరి. పదిగంటలకు అనకాపల్లి చేరితిమి. ఆ యూరు బెల్లమునకు పేరెన్నిక గన్నది. కొనునప్పుడు తెల్లగా, పసుపుపచ్చగా మెఱయుదానిని చూచి మోసపోరాదు. ఆ నిగ్గు తఱచుగా రంగు తీయుటకు వేయు హైడ్రోసు అను రసాయనమువలన వచ్చును. ముదురు గోధుమరంగుది చూపునకు బీదగా నున్నను చెఱకు వాసన దానియందే నిలుచును. మేము అట్టి దిమ్మ నొకదానిని, ఒక డబ్బా మాడుగుల హల్వాను కొంటిమి. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను పులియనిచ్చి, పంచదారతోను నేతితోను గంటలకొలది కలియబెట్టి చేయుదురు ఆ హల్వాను. వ్రేలితో నొక్కిన నేయి పైకి వచ్చును.

నక్కపల్లి దాటిన పిదప బండ్లు నిలిచిపోయినవి. ముందెక్కడనో లారీ యొకటి త్రోవకడ్డముగా బోర్లపడినదట. పదునొకండున్నర అయినది, పండ్రెండయినది, ఒంటిగంట దాటినది. అటుకులు, పండ్లు ఉదయముననే పిల్లలకు పంచిపెట్టిరి అత్తగారు. ఎండలో కదలని కారులో మాటలు తగ్గిపోయినవి. అప్పుడు మా అమ్మాయి, “నాయనమ్మ చేతులు వణకుచున్న వమ్మా” అన్నది. చూచితిమి గదా, నొసట చల్లని చెమట, పెదవులు తెల్లబాఱినవి; ఏమి కావలెనన్న ప్రశ్నకు వేఱొక మాట చెప్పుచుండిరి. చక్కెర చూచు చిన్నయంత్రము వారి సంచిలోనే యుండెను. 58 చూపినది. 70కి దిగిన చాలును, అపాయమని యెంచవలెను.

అమ్మాయి పాపము హల్వా డబ్బా మూత తీసినది. తీపియే గదా యని ఎవరైనను అట్లే చేయుదురు. కాని నేయి ఎక్కువగా నున్న తీపి కడుపులోనుండి రక్తములోనికి మెల్లగా పోవును. ఆ సమయమున ఆలస్యము పనికిరాదు. వట్టి చక్కెరయో, బెల్లమో, పండ్లరసమో, గ్లూకోజు పొడియో కావలెను. దిమ్మ ఱాయివలె నున్నది. మా వారు కారులోని పానా తీసి గుడ్డమీదుగా కొట్టగా ముక్కలైనది. పెద్ద చెంచాడు పొడి, అనగా 15 గ్రాములంత, గ్లాసెడు నీటిలో కరగించి త్రాగించితిమి. ఒక్కొక్క గ్రుక్క మ్రింగగలరా యని చూచుచునే పట్టితిమి. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయుటయే. పదునైదు నిమిషములకు మరల చూడవలెను. ఎక్కకున్న మరల అంతే ఇయ్యవలెను. ఆ పదునైదు నిమిషములలో కారులో ఎవరమును మాటలాడలేదు. రెండవమాఱు 86 వచ్చినది. అత్తగారు కన్నులు తెఱచి, “బెల్లము మంచిదే, మట్టి లేదు” అనిరి. పిల్లవాడు నవ్వినాడు, మాకు కన్నీరు వచ్చినది.

అంతటితో తీఱదు. బెల్లపునీటి బలము కొంతసేపే; దానివెంట అన్నమో, ఇడ్లీయో పడకున్న చక్కెర మరల దిగును. అన్నవరము ఇంకను దూరము. త్రోవ తెఱపియై పాయకరావుపేట చేరునప్పటికి మూడు కావచ్చినది. బాటప్రక్క పాకలో ఒక యామె సాయంకాలపు ఇడ్లీల వాయి దించుచుండెను. తినుమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. వారి నియమము మా పెండ్లికంటె పెద్దది. మా వారును చెప్పలేదు. అత్తగారే కారు దిగి, అమ్మాయి భుజము పట్టుకొని పొయ్యిదగ్గఱకు పోయిరి.

“పిండి ఎప్పుడు రుబ్బితివమ్మా?”

“పొద్దున్న ఆరింటికండి మామ్మగారూ.”

“గుడ్డ ఉతికినదేనా?”

ఆమె కోపపడక, తడిగుడ్డను ఎత్తి చూపినది. మల్లెపూవువలె నున్నది. అత్తగారు అక్కడి చెక్కబల్లమీద కూర్చుండి, “రెండు పెట్టు” అనిరి. రెండును తిని మూడవది అడిగిరి. అల్లపుపచ్చడి మాత్రము బెల్లము పడినదేమో యని ప్రక్కకు త్రోసి, కారప్పొడి వేయించుకొనిరి. లేచుచు, “రవ్వ పిడికెడు తగ్గింపుము, ఇంకను మెత్తగా వచ్చును” అని ఆమెకు చెప్పి, తమ బొడ్డుసంచిలోనుండి తామే డబ్బిచ్చిరి. మమ్ము ఇయ్యనీయలేదు. కారెక్కిన పిదప ఆ నియమమును గుఱించి వారును అనలేదు, మేమును అడుగలేదు. ఊరు చేరగానే వైద్యునితో చెప్పవలెనని మాత్రము వ్రాసికొంటిమి. కొన్ని మాత్రల బలము చాలసేపుండి, చక్కెర మరల దిగుట కలదు.

అన్నవరమున కొండ ఎక్కుటకు వేళ చాలలేదు. క్రిందనే ప్రసాదపు పొట్లములు కొంటిమి. గోధుమనూక, నేయి, తీపి, ఏలకులు: వస్తువులు ఏ యింటిలోనైన నుండునవే. ఇంటిలో ఎంత శ్రద్ధతో చేసినను ఆ రుచి రాకుండుట మన యందఱి యనుభవమును. వేడివేడిగా విస్తరాకులో చుట్టుటచేత ఆకు వాసన నేతికి పట్టుట యొక కారణమని మా యూహ. స్వామి మహిమ యని అత్తగారి మాట. వారు చిటికెడు మాత్రము కన్నులకద్దుకొని నోట వేసికొనిరి.

కత్తిపూడివద్ద మలుపు తిరిగి, పిఠాపురము, కాకినాడ మీదుగా యానాము చేరి, ఎదుర్లంక వంతెనమీద గౌతమి దాటునప్పటికి చీకటి పడినది. పిల్లలు హల్వా డబ్బా ఒడిలో పెట్టుకొని నిద్రపోయిరి. పానాకు అంటిన బెల్లమును కడిగి మఱిదిగారికి కారు అప్పగించితిమి. మఱునాడు ఇడ్లీకి పప్పు నానబెట్టుచుండగా అత్తగారు వంటింటిలోనికి వచ్చి, రవ్వ డబ్బా మా చేతిలోనుండి తీసికొని, తామే కొలిచి పోసి, పిడికెడు వెనుకకు తీసిరి.