సంతకము లేనివాని హక్కు

నేడు సంగారెడ్డి జిల్లాలోనున్న మా కంగ్టి, 1956 నవంబరు 1వ తేదీకి ముందు మెదకు జిల్లాలోనిది గూడ కాదు. నిజాము ప్రభుత్వము అంతరించిన పిమ్మట గూడ కంగ్టితో కూడిన నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాయందే యుండి, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము అమలులోనికి వచ్చిన దినమున, జహీరాబాదు తాలూకాలోని అధికభాగముతోను, న్యాలకల్ సర్కిలుతోను గూడి ఆంధ్రప్రదేశమున చేరినది. ఆ మార్పునకై ఇచ్చటి రైతుల సంతకములు ఎవ్వరును తీసికొనలేదు. తీసికొనవలసిన పనియు లేకుండెను. ఏలయన పార్లమెంటు ఒక రాష్ట్రపు హద్దులను మార్చదలచినపుడు ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయమును అడుగవలయునని మాత్రమే రాజ్యాంగము 3వ అధికరణమున చెప్పినది గాని, సమ్మతి పొందవలయునని చెప్పలేదు. 2014లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ కాదనిన తరువాత గూడ తెలంగాణ అవతరించినది ఆ అధికరణము బలముచేతనే. అంతటి విశాలాధికారమును ఢిల్లీకి ఒసగిన ఆ రాజ్యాంగమే, కంగ్టి నల్లరేగడిలో ఒక సన్నకారు రైతు చేని గెట్టును చట్టముయొక్క ఆధారము లేక జానెడైనను జరుపరాదని శాసించుచున్నది. రాష్ట్రపు హద్దుకంటె చేని గెట్టుకు కావలి మిక్కుటమనుట పైకి వింతగా దోచవచ్చును గాని, మొదటిది పాలనా సౌకర్యమునకు చెందినదనియు, రెండవది ఒక ఇంటి కుండలోని జొన్నగట్కకు చెందినదనియు తలచినపుడు ఆ వింత తొలగిపోవును.

ఈ విచారము నేడు మాకు కేవలము గ్రంథచర్చ కాదు. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడులో శంకుస్థాపన జరిగిన సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకములు సింగూరు జలాశయపు నీటిని ఈ మెట్టసీమకు ఎక్కింప నుద్దేశించినవి. మొదటిదాని క్రింద 2,19,000 ఎకరములు, రెండవదాని క్రింద 1,65,000 ఎకరములు తడియునని నాటి ప్రభుత్వము ప్రకటించినది. మొగులు వంక జూచి పత్తియు కందియు సోయాయు విత్తుకొను ప్రాంతమునకు నీరు వలదనువాడెవ్వడును ఉండడు. అయితే కాలువ ఆకాశమున పారదు. దానికి భూమి కావలయును. భూమి పోవునన్న వార్త పుట్టినంతనే ప్రతి ఇంటను మొదట వెదకబడునది పట్టా పాసుపుస్తకము. అది యున్నవానితో అధికారులు మాటలాడుదురు, ధర చెప్పుదురు, సంతకము కోరుదురు. అది లేనివాడు, అనగా కౌలుకు చేయువాడు, పాలుకు దున్నువాడు, జీతగాడు, దినకూలి, ఆ చేలలో కోతలైన పిమ్మట మందను తోలుకొనివచ్చు గొల్లవాడు, ఈ బేరమున ఎచ్చటను కానరాడు. అతని సంతకము ఎవ్వరికిని అక్కరలేదు కనుక అతని సమ్మతియు ఎవ్వరికిని అక్కరలేదని తేలికగా తలపోయుట జరుగుచున్నది. ప్రభుత్వాధికారమునకు హద్దు ఎచ్చట ఉన్నదో తెలిసికొనగోరినవాడు పట్టాదారుని చేతిలోని కలము వంక గాక, ఈ సంతకము లేనివాని వంక జూడవలయునని నా మతము.

ఇందులకు మా పొరుగుననే నిదర్శనము కలదు. జహీరాబాదు ప్రాంతమున, న్యాలకల్, ఝరాసంగం మండలములలోని 17 గ్రామములలో, సుమారు 12,600 ఎకరములలో ‘నిమ్జ్’ అని అందరును పిలుచు జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలిని స్థాపింప ప్రభుత్వము సంకల్పించినది. 1894 నాటి భూసేకరణ చట్టమును తొలగించి, 2013లో పార్లమెంటుచే చేయబడి 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త చట్టము, భూమిని తీసికొనుటకు ముందు సామాజిక ప్రభావమును అంచనా వేయవలయుననియు, గ్రామసభను విచారింపవలయుననియు, సెంటు భూమియైనను లేకున్నను ఆ భూములపై మూడేండ్లుగా బ్రతుకుచున్న కూలీలు, కౌలుదారులు, చేతిపనివారు గూడ బాధిత కుటుంబములేయనియు నిర్దేశించినది. ఈ దారి దీర్ఘమని తోచి, తెలంగాణ ప్రభుత్వము 2015 జూలై 30న 123వ సంఖ్యగల జీవోను వెలువరించినది. దాని ప్రకారము సేకరణ యనునదే లేదు. ఇష్టపడి అమ్మువారి యొద్దనుండి ప్రభుత్వ సంస్థలు భూమిని కొనును. కలెక్టరు అధ్యక్షతగల సంఘము ధర నిర్ణయించును. పట్టాదారుడు సొమ్ము పుచ్చుకొని రిజిస్టరు చేయును. అంతటితో కథ ముగియును. కూలివాడు ఆ కథలో పాత్రయే కాడు.

ఆ జీవోను ఉన్నత న్యాయస్థానమున ప్రశ్నించినవారు భూస్వాములు కారు, రాజకీయ పక్షములును కావు. సొంతభూమి లేని వ్యవసాయ కూలీలు. చేను అమ్ముడుపోయిన మరునాడు మాకు పని ఎచ్చట అని వారు అడిగిన ప్రశ్నకు జీవోలో సమాధానము లేకుండెను. 2016 ఆగస్టు 3న న్యాయమూర్తి సురేష్ కుమార్ కైత్ ఆ జీవోను కొట్టివేసిరి. ప్రభుత్వము అదే నెలలో, భూమిలేని కూలీలకును సహాయము చేసెదమని మరికొన్ని ఉత్తర్వులు వ్రాసికొని ద్విసభ్య ధర్మాసనము నాశ్రయించినది. వ్యాజ్యము ఎటు తిరిగినను ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి ఉన్నది: న్యాయస్థానపు గడప ఎక్కు వరకును కూలివాడు ఆ దస్త్రములలో లేడు, ఎక్కి తీర్పు పొందిన కొలది దినములకే అతనికొరకు ఉత్తర్వు పుట్టినది. హక్కు అనునది దానముగా గాక ప్రశ్నకు ప్రతిఫలముగా వచ్చుటకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతమును నేనెరుగను.

ప్రభుత్వ పక్షమున చెప్పబడు వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. రాజ్యాంగపు 298వ అధికరణము ఆస్తిని సంపాదించుటకును, ఒడంబడికలు చేసికొనుటకును ప్రభుత్వమునకు అధికారమిచ్చుచున్నది. సంతలో ఎద్దును ఎవ్వడైనను కొనవచ్చునన్నట్లు, అమ్మువాడును కొనువాడును సమ్మతించిన పిమ్మట మూడవవాని కేమి పని అని వారందురు. అదియును గాక, పాతచట్టము క్రింద పరిహారమునకై తండ్రి వేసిన దావా కొడుకు కాలమునకైనను తెమలని కుటుంబములు మన జిల్లాలలో కొల్లలుగా నున్నవి. ఒక్కమారుగా చేతికి వచ్చు సొమ్మును జూచి సంతసించి సంతకము చేసిన రైతులును ఉన్నారు. వారిని అమాయకులని జాలిపడుట పట్టణవాసుల అహంభావము మాత్రమే.

అయినను ఆ వాదమున ఒక లోపము కలదు. కొనువాడు కలెక్టరైనపుడు అది సంత కాదు. ఈ కొనుగోలుదారుని చేతిలో రెవెన్యూ రికార్డు ఉన్నది, పోలీసు ఉన్నది, ఇప్పుడు అమ్మనియెడల రేపు చట్టము క్రింద సేకరింపగల శక్తి ఉన్నది. నాలుగు దిక్కుల చేలును అమ్ముడుపోయి దారి మూసికొనిపోయిన నడిమి చేని రైతు పెట్టు సంతకమును స్వేచ్ఛాసమ్మతి యనుటకు ఎంత ధైర్యము కావలయును! ప్రభుత్వము వ్యాపారికి కాంట్రాక్టు ఇచ్చునపుడు సైతము తన ఇచ్చవచ్చినట్లు వర్తింపరాదనియు, సమానత్వపు హక్కునిచ్చు 14వ అధికరణము దానిని అచ్చటను వెంటాడుననియు 1979లో అంతర్జాతీయ విమానాశ్రయ ప్రాధికార సంస్థవారి భోజనశాల కాంట్రాక్టునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్థిరపరచినది. ఒక భోజనశాల కాంట్రాక్టు విషయముననే అట్లయినపుడు, పదిహేడు ఊళ్ల బ్రతుకుదెరువును కొను విషయమున ప్రభుత్వము సామాన్య కొనుగోలుదారుని ముసుగు వేసికొనుట చెల్లునా? మూడవవాని కేమి పని యన్న ప్రశ్నకు 2013లోనే పార్లమెంటు జవాబు చెప్పియుండెను. ఆ జవాబు నచ్చక ప్రక్కదారి త్రొక్కుటయే ఆ జీవోలోని దోషము.

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. 2016 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ భూసేకరణ చట్టమునకు సవరణ బిల్లును ఆమోదించినది. 2017 జనవరిలో ద్విసభ్య ధర్మాసనము జీవో క్రింది కొనుగోళ్లను నిలిపివేయుమనినది. ఆ సంవత్సరమే సవరణ రాష్ట్రపతి సమ్మతి పొందినది. కొన్ని తరగతుల పథకములకు సామాజిక ప్రభావపు అంచనానుండి మినహాయింపు నిచ్చు ఆ సవరణ నాకు సమ్మతము కాదు. అయినను జీవోకును దానికిని భేదము గణనీయము. జీవో సచివాలయపు గదిలో ఒక సంతకముతో పుట్టును. చట్టము సభలో ప్రతిపక్షముయెదుట నిలువబడి, కేంద్రచట్టమునకు విరుద్ధమైనచో 254వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి వరకు పోయి రావలయును. చెడ్డ చట్టమును ఓటరు శిక్షింపగలడు. చెడ్డ జీవోను అతడు చదువనైన చదువడు.

ఆస్తిహక్కు చరిత్రలో తెలుగువాని పేరొకటి పెద్దయక్షరములతో నున్నది. రాజమహేంద్రవరమున జన్మించి, గుంటూరులోని ఆంధ్ర ఉన్నత న్యాయస్థానమునకును, పిమ్మట ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమునకును ప్రధాన న్యాయమూర్తిగా నుండి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు, 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున, ప్రాథమిక హక్కులను హరించు సవరణ చేయుటకు పార్లమెంటుకు సైతము అధికారము లేదని ఆరుగురి ఆధిక్యతతో తీర్పు చెప్పిరి, అయిదుగురు విభేదించిరి. ఆ సాహసమును మెచ్చుకొనుచునే మరియొక సంగతిని గూడ చెప్పవలసియున్నది: ఆ వ్యాజ్యము తెచ్చినవారు పంజాబులో అయిదువందల ఎకరములకు మించిన భూమిగల కుటుంబమువారు. నాడు ఆస్తిహక్కు కౌలుదారునికి ఎదురుగా నిలిచినది. కావుననే 1978లో 44వ సవరణ దానిని ప్రాథమిక హక్కుల జాబితానుండి తొలగించి, చట్టాధికారము లేక ఎవ్వని ఆస్తియు హరింపబడరాదను 300-ఎ అధికరణముగా మార్చినపుడు పేదల పక్షపాతులెవ్వరును పెద్దగా కన్నీరు విడువలేదు. నేడు తీసికొనబడుచున్నది జమీందారుని వేయి ఎకరములు కాదు. అయిదెకరముల లోపు రైతు చేనును, దానిపై కూలి చేయువాని దినభత్యమును. సుబ్బారావుగారి కవచము కాలక్రమమున పెద్దవాని మేనినుండి జారి చిన్నవానికి అవసరమైనది గాని, అప్పటికి అది సన్నబడిపోయినది.

సన్నబడినను చినుగలేదు. 2024 మే 16న సుప్రీంకోర్టులో కలకత్తా నగరపాలక సంస్థ వ్యాజ్యమున మరియొక తెలుగు న్యాయమూర్తి, పమిడిఘంటం శ్రీ నరసింహ, 300-ఎ అధికరణములో పరిహారమొక్కటియే గాక, ముందుగా నోటీసు పొందు హక్కు, ఆక్షేపణ వినిపించు హక్కు, కారణములతో కూడిన నిర్ణయమును పొందు హక్కు మున్నగునవి అంతర్గతములై యున్నవని వివరించిరి. డబ్బు ఇచ్చితిమి గదా యన్న మాటతో ప్రభుత్వము చేతులు కడుగుకొనుటకు ఇక వీలు లేదు. ఇది పట్టాదారునికి ఉపకరించును. కూలివానికి ఉపకరింపవలయునన్న, జీవించు హక్కునిచ్చు 21వ అధికరణమును, 2013 చట్టమును చేర్చి చదువవలయును.

పట్టా లేనివానిని గుర్తించుట అసాధ్యమనువారు మన చరిత్రనే ఒకపరి తిరుగవేసి చూతురు గాక. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము, దున్నుచున్నవానిని రక్షిత కౌలుదారుగా వ్రాసికొనినది. బీదరు జిల్లాలో నున్న నాటి నారాయణఖేడు తాలూకాకును అది వర్తించినది. కంప్యూటరు లేని కాలమున పట్వారీ కలము చేయగలిగిన పనిని, 2020లో ధరణి యను కంప్యూటరు భూరికార్డు వచ్చినపుడు మనము విడిచిపుచ్చితిమి. పహాణీలోని అనుభవదారు గడి అప్పుడే తొలగింపబడినది. దున్నువాని పేరు రికార్డులో లేకుండ చేసి, రికార్డులో లేడు కనుక బాధితుడు కాడనుట విపరీతమైన తర్కము.

కావున బసవేశ్వర కాలువలకు భూమి కొలుచునపుడు మేము కోరునది నీటిని ఆపుమని కాదు. పట్టాదారుల జాబితాతో పాటు ఆ సర్వేనంబర్లలో మూడేండ్లుగా పనిచేసిన కౌలుదారుల, కూలీల జాబితాను గూడ మండల కార్యాలయము గ్రామసభయెదుట చదువవలయును. పేరు చేర్పించుకొనుటకు సాక్షులుగా ఇరుగుపొరుగు రైతులు చాలునని అంగీకరింపవలయును. ఇంకొకటి, అన్నింటికన్న ముఖ్యమైనది: ప్రాథమిక ప్రకటన వెలువడిన తరువాత ఆక్షేపణలకు చట్టము అరువది దినములు ఇచ్చుచున్నది. మా తండాలనుండి అనేక కుటుంబములు చెఱకు నరుకుటకై పొరుగు ప్రాంతములకు వలసపోయి, ఎండలు ముదురు వేళకు గాని మరలిరావు. చలికాలమున ప్రకటన అంటించి, గ్రామసభ జరిపి, అరువది దినములు గడచినవని దస్త్రము మూసినచో చట్టము అక్షరాలా పాటింపబడినట్లే యుండును గాని, వినవలసినవారిలో ఒక్కరైనను ఊర నుండరు. ఆ ప్రకటనను ఉగాది తరువాత, దసరాకు ముందు వెలువరింపుడని సంగారెడ్డి జిల్లా అధికారులను కోరుచున్నాము. దీనికి కొత్త చట్టము అక్కరలేదు, నిధులు అక్కరలేదు. గోడమీది క్యాలెండరు వంక ఒకమారు చూచిన చాలును.