సంచిలోని చాక్లెట్



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మామిడికుదురులో ఒక ఇంటికి వెళ్లాము. అరుగు మీద గోనెసంచి నిండా ఎండిన కోకో గింజలు. పక్కనే మనవడు చాక్లెట్ తింటున్నాడు. అది ఈ గింజలతోనే చేస్తారంటే వాడు నమ్మలేదు. నాయనమ్మగారు నవ్వి, “పదేళ్లుగా కాయలు కొడుతున్నానమ్మా, దీని రుచేమిటో నాకే తెలియదు” అన్నారు. కొబ్బరి నీడన పెంచుతాము, తూకం వేసి అమ్ముతాము, అంతే!

ఆమె ఇచ్చిన దోసెడు గింజలను కాఫీలో కలిపి చూడాలనిపించింది. ఈ పొత్తు కొత్తదేమీ కాదు. ఇటలీలోని టురిన్ పట్టణంలో కాఫీ, చాక్లెట్, మీగడ పొరలుగా పోసి ‘బిచెరిన్’ అని ఇస్తారు. హోటళ్లలో ‘మోకా’ అనేదీ ఈ కలయికే. ఆ పేరు ఒకప్పుడు కాఫీ ఎగుమతికి పేరుబడిన యెమెన్ రేవుది. మనకు అంత దూరం ఎందుకు? కాఫీ అరకు కొండల్లోనే పండుతోంది. రెండూ వేపితేగాని సువాసన రాని చేదు గింజలే. అందుకే ఒకదానికొకటి కలిసిపోతాయి.

మొదటిసారి మాకు నోరంతా వగరైంది. ఆ గింజలు పులియబెట్టకుండా ఎండబెట్టినవట! పచ్చి గింజలను గుజ్జుతో సహా బుట్టలో పోసి, అరటాకులు కప్పి, మధ్యలో తిరగేస్తూ ఐదారు రోజులు ఉంచాలి. ఆ తరువాతే ఎండబెట్టాలి. చాక్లెట్ వాసనకు మొదలు అక్కడే.

అలా ఎండినవాటిని సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేపండి. పొట్టు తీసి రోట్లో నూరండి. గింజలో సగం దాకా కొవ్వే గనుక పొడి కాదు, ముద్దవుతుంది. గ్లాసు పాలకు చెంచాడు ముద్ద చాలు. ముందు కొద్ది వేడిపాలలో కరిగించి, మిగతా పాలు పోసి మరిగించండి. దించాక చిక్కటి డికాషన్ కలపండి. చికోరీ లేని పొడి అయితే మేలు, చేదు మీద చేదు ఎందుకు? రెండింటిలోనూ కెఫీన్ ఉంది కాబట్టి పిల్లలకు వద్దు. వాళ్లకు కోకో పాలు చాలు, అవీ రాత్రిపూట కాదు.

2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. 2025లో ధర బాగా పడిపోయి మన రైతులు దిగాలుపడ్డారు. సంచి అమ్ముకోవలసిందే, కాదనము. పావుకిలో మాత్రం ఇంట్లో అట్టిపెట్టుకోండి.

రెండోసారి చేసినది నాయనమ్మగారికి పట్టుకెళ్లాము. గ్లాసు ఖాళీ చేసి, “పంచదార చాలలేదు” అన్నారు.