పునాదిలో బగ్గు, గోడకి రంగు

మన సాఫ్టువేరు జనాలకి ఓ అలవాటుంది. బెంగుళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని నరసరావుపేటలో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తాం. ఎలివేషన్ గురించీ, టేకు తలుపుల గురించీ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడతాం. పునాది దగ్గరికొచ్చేసరికి "మేస్త్రి చూసుకుంటాడ్లే" అనేస్తాం. గృహప్రవేశమయ్యాక మొదటి వానాకాలానికే గోడల అడుగున చెమ్మెక్కుతుంది, ఉప్పు పూస్తుంది, పెచ్చులూడతాయి. అప్పుడు అదే మేస్త్రి వచ్చి "ఓ కోటు వాటర్‌ప్రూఫ్ పెయింటు కొడితే సరి" అంటాడు.

సరి కాదండీ. ఖాళీ క్యాచ్ బ్లాకు పెట్టి ఎక్సెప్షన్‌ని మింగేయడం లాంటిదే ఇది. నీళ్ళు గోడలోనే ఉంటాయి. ఆరే దారి మూసేశాం కాబట్టి ఇంకాస్త పైకెక్కుతాయి. రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది మనం కాదు, మోకాళ్ళ నొప్పులూ ఆయాసమూ ఉన్న పెద్దవాళ్ళు.

మరి పల్నాడులో ఈ గొడవ ఎందుకొస్తోంది? సాగర్ కాలవలకి 1967లో నీళ్ళు వదిలారు. కుడికాలవ కింద తడిసిన పొలాలు కొన్ని ఇప్పుడు ప్లాట్లయ్యాయి. పక్క చేలో నీళ్ళు పెడితే మన పునాదిలో ఊట. పైగా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బాత్రూం పైపు కారే మూల ఒక్కటే ఉబ్బితే అక్కడి గోడ లేచి పగులుతుంది, తలుపు పట్టేస్తుంది. గురజాల, మాచర్ల వైపు పైన పల్చటి మట్టి, కింద నాపరాయి ఉన్నచోట నీళ్ళు రాయి మీదే నిలుస్తాయి. ఇవి చాలనట్టు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి ఇల్లు పల్లమవుతుంది. పాత ఇళ్ళకి అంతంత ఎత్తు అరుగులు ఊరికే పెట్టలేదు. ఇంటి మట్టం చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నియమావళి కూడా చెబుతుంది.

ఇప్పటికే చెమ్మ వచ్చేసిందా? ముందు డీబగ్ చేయండి. రాత్రి మోటారూ కుళాయిలూ కట్టేసి సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నకి తగ్గితే సంపో పైపో కారుతున్నట్టే. గచ్చు మీద పాలిథీన్ షీటు పరిచి అంచులకి టేపు వేసి ఒకట్రెండు రోజులు ఉంచండి. షీటు కింద నీటి బొట్లు కనబడితే తేమ నేలలోంచి వస్తున్నట్టు. చెమ్మ ఏడాదంతా ఉంటోందా, వానలకీ కాలవకీ మాత్రమేనా అన్నది రాసిపెట్టుకోండి. తర్వాత బయటి నుంచి మొదలుపెట్టాలి: కారే పైపులు, గోడ మొదట్లో పడే డాబా నీళ్ళు, ఇంటివైపు వాలిన నేల. చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించాలి. లోపలి రంగు అన్నిటికన్నా ఆఖరున, అదీ గోడ ఆరాకే.

ఇంకా కట్టనివాళ్ళు అదృష్టవంతులు. మట్టి పరీక్ష చేయించండి. అందులో ఒకటి భలే తేలిక: చెరో పది గ్రాముల ఎండుమట్టిని ఒక జాడీలో నీళ్ళలో, ఇంకోదాంట్లో కిరసనాయిల్లో వేసి 24 గంటలాగి చూస్తారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో ఎంత ఎక్కువ పెరిగిందో అంత ప్రమాదం అన్నమాట. అలాంటి నేలలో ఏ రకం పునాది వేయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి, పక్కింటి కొలతలు కాదు. ప్లింత్ బెల్టు మీద చెమ్మని ఆపే డీపీసీ పొర వేశాకే గోడ లేపాలి.

బిల్డరు దగ్గర కొన్న ఇంటికైతే 2016 నాటి రెరా చట్టం అండ ఉంది. ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం చూపిస్తే డబ్బు తీసుకోకుండా బాగుచేయాలి. మేస్త్రికి గుత్తకిచ్చి సొంత స్థలంలో కట్టించుకున్నవాళ్ళకి ఆ దారి లేదు. అందుకే నా మాట ఇది: ఒప్పందం కాగితం మీద రాసుకోండి, చివరి విడత డబ్బు ఒక వానాకాలం దాటాకే ఇవ్వండి. టెస్టింగ్ కాకుండా సైనాఫ్ ఇస్తామా ఎక్కడైనా?

గ్రానైటు రెండేళ్ళాగి వేయించుకోవచ్చు. పునాదికి వెర్షన్ 2 ఉండదు.