ఆర్.సి. గడువు దాటిందని చలానా వస్తే



సి బుక్కులో గడువు తేదీ దాటిపోయిందని పోలీసువారు చలానా వ్రాస్తే దానిని కోర్టులో ఎదిరించవచ్చునా, లేక కట్టివేసి ఊరుకొనుట మంచిదా అని ఒక సహోదరి అడిగారు. వారి ఇంటాయన రోజూ స్కూటరు మీదనే పనికి వెళ్లివస్తారు. ఆ చలానా డబ్బుతో వారింట్లో రెండు వారాల వెచ్చాలు వస్తాయి. కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇలాంటి సంగతి వచ్చినప్పుడల్లా రెండు రకాల సలహాలు వినబడతాయి. "కట్టెయ్యండి, కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు?" అనేవారు కొందరు. "మనవాడొకడు స్టేషనులో ఉన్నాడు, చెప్పిస్తాను" అనేవారు మరికొందరు. ఈ రెండవ దారి గూర్చి ఈ శీర్షికలో నేను చెప్పేది ఏమీ లేదు. మొదటిది మాత్రం ఆలోచించవలసినదే. ఎందుకంటే డబ్బు కట్టారంటే తప్పు ఒప్పుకొని రాజీపడినట్టే. ఆ తరువాత ఎదిరించడానికి ఏమీ మిగలదు. అందుచేత కట్టకముందే ఒక పూట కూర్చొని కాగితాలు చూచుకోవాలి.

మొట్టమొదట తేల్చుకోవలసినది, గడువు నిజంగా దాటిందా అన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను ప్రకారం సొంతానికి వాడుకొనే బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది. తరువాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆ తేదీ ఆర్.సి. మీదనే ఉంటుంది గాని దానిని చదివేవారు తక్కువ. బండి కొన్న తేదీ ఒకటి, రిజిస్ట్రేషను అయిన తేదీ మరొకటి. లెక్క రెండవదాని నుండి మొదలవుతుంది.

ఆ తరువాత చలానా మీద ఉన్న సెక్షను చూడండి. రిజిస్ట్రేషను లేని బండి నడపరాదనేది 39వ సెక్షను, దానికి శిక్ష చెప్పేది 192వ సెక్షను. ఇన్సూరెన్సు అయిపోవడం వేరు, పొల్యూషను సర్టిఫికెట్టు లేకపోవడం వేరు. వాటికి వేరే సెక్షన్లు, వేరే జరిమానాలు ఉన్నాయి. పొల్యూషను కాగితం లేనందుకు 192 వేసి ఉంటే అది తప్పకుండా ఎదిరించదగినదే. ఫోటో ఉన్న చలానా అయితే నంబరు ప్లేటును కళ్లు చిట్లించియైనా చూడండి. మూడు, ఎనిమిది అంకెలు మసకలో ఒకదానికొకటి అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

మరొక సంగతి. కరోనా కాలంలో ఆర్.టి.ఓ. ఆఫీసులు సరిగా నడవలేదు గనుక, 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన కాగితాలను 2021 అక్టోబరు 31 వరకు చెల్లుబాటుగానే ఎంచాలని కేంద్ర ప్రభుత్వం పలుమార్లు పొడిగిస్తూ వచ్చింది. ఆ రోజుల నాటి చలానా మీ బండి మీద ఇంకా పెండింగులో ఉంటే ఆ తేదీలు సరిచూచుకోండి.

గడువుకు ముందే దరఖాస్తు పెట్టుకొని, బ్రేకినస్పెక్టరుకు బండి చూపించి, కొత్త కార్డు చేతికి రానివారు కూడ ఉంటారు. గడువు తీరడానికి అరవై రోజుల ముందు నుండే ఫారం 25 మీద దరఖాస్తు పెట్టవచ్చును. ఆ ఫీజు రసీదును పారవేయకండి. కోర్టులో మీ తరఫున మాట్లాడేది అదే. పునరుద్ధరణ అయిపోయి, కార్డు ఇంట్లో మరచిపోయారనుకోండి, ఫోనులో డిజిలాకరులోనో ఎం-పరివాహనులోనో చూపించినా చెల్లుతుంది. 2018లోనే నిబంధనలు ఆ ప్రకారం మార్చారు.

ఇక గడువు నిజంగానే దాటినవారి మాట. వారికి కూడ చట్టంలో ఒక తలుపు ఉన్నది. దానిని నేను కళ్లారా చూచాను.

మా సంఘంలో కరెంటు పని చేసుకొనే ఒక సహోదరుడున్నాడు. ఒక రాత్రి రెండు గంటలకు తల్లికి ఊపిరి ఆడలేదు. ఆటో దొరకలేదు. స్కూటరు రిజిస్ట్రేషను తీరి అయిదు వారాలైంది, అయినా ఆమెను వెనుక కూర్చోబెట్టుకొని, తమ్ముడిచేత పట్టించుకొని ఆసుపత్రికి చేర్చాడు. తెల్లవారుజామున డబ్బు, బట్టలు తేవడానికి ఇంటికి వస్తుండగా ఆపి చలానా వ్రాశారు. నాలుగవ రోజున ఆ కాగితం పట్టుకొని వచ్చాడు. మా సంఘస్థుడైన ఒక వకీలుగారు దానిని చూచి, 192వ సెక్షనులోని రెండవ భాగం చదివి వినిపించారు. రోగులను, గాయపడినవారిని అత్యవసరంగా తీసుకొని వెళ్లడానికి బండి వాడితే ఈ శిక్ష వర్తించదు. అయితే ఏడు రోజులలోగా ఆ సంగతి రవాణా అధికారికి తెలియజేయాలి. ఈ ఏడు రోజుల మాట ఎంతమందికి తెలుసు? ఆరవ రోజున ఆసుపత్రి చీటీ నకలు జతపరచి ఉత్తరం ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకొని వచ్చాడు. వాయిదా వచ్చేలోగా ఆలస్యపు రుసుముతో సహా ఫీజు కట్టి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొన్నాడు.

వాయిదా రోజున నేనూ వెంట వెళ్లాను. మేజిస్ట్రేటుగారు చీటీ మీద గంట, చలానా మీద గంట పక్కపక్కన పెట్టి చూచారు. "ఆపినప్పుడు బండి మీద మీ అమ్మగారు ఉన్నారా?" అని అడిగారు. ఉన్నదని చెప్పితే కాదనేవారు ఎవరూ అక్కడ లేరు. "లేదండి, నేనొక్కడినే ఇంటికి వస్తున్నాను" అన్నాడు. ఆ సెక్షనుకు చట్టంలో మొదటిసారికి 2,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. అయితే కారణాలు వ్రాసి అంతకంటె తక్కువ శిక్ష వేసే అధికారం కోర్టుకు ఉన్నది. ఆయన కారణాలు వ్రాసి 500 వేశారు. బయటికి వచ్చి టీ త్రాగుతూ ఆ సహోదరుడు, "ఉన్నదని అంటే ఆ అయిదొందలు కూడ మిగిలేవి కదండీ" అని నవ్వాడు. అతని ముఖంలో విచారమేమీ నాకు కనబడలేదు.

అట్టి అత్యవసరం లేనివారు కూడ ముందు పునరుద్ధరణ చేయించుకొని, ఆ రసీదుతో కోర్టుకు వెళ్లి తగ్గించమని అడుగవచ్చును. పట్టుకొన్న బండిని ఉంచుకొనే అధికారం 207వ సెక్షను క్రింద పోలీసువారికి ఉన్నది గనుక వారితో రోడ్డు మీద వాదులాట పెట్టుకోవద్దు. బెంగుళూరు, చెన్నైలలో ఉన్న మనవారికి వర్చువల్ కోర్టు నుండి కబురు వస్తుంది. అందులో ఒప్పుకొని కట్టవచ్చును, లేదా ఎదిరిస్తాననవచ్చును. ఎదిరిస్తానంటే కేసు మామూలు కోర్టుకు వెళుతుంది. లోక్ అదాలత్ రాజీకి మాత్రమే, అక్కడ మీరు నిర్దోషులని ఎవరూ తేల్చరు.

రాయితీ ప్రకటిస్తారని కాచుకొని కూర్చోవడం నాకు నచ్చదు. తెలంగాణలో 2022 మార్చిలోను, 2023 డిసెంబరు చివరిలోను పెండింగు చలానాలకు పెద్ద రాయితీలు ఇచ్చిన మాట నిజమే. చలానా తగ్గుతుంది గాని రిజిస్ట్రేషను లేని బండి లేనట్టే తిరుగుతూ ఉంటుంది. 2022 ఏప్రిల్ 1 నుండి పాత ద్విచక్ర వాహనం పునరుద్ధరణ ఫీజు 300 నుండి 1,000 రూపాయలైంది, కారుకు 600 నుండి 5,000 అయింది. ఆలస్యమైతే నెలకింత అని అదనపు రుసుము కూడ చేరుతుంది.

ఇంతకంటె పెద్ద నష్టం ఇన్సూరెన్సు దగ్గర. రాజస్థానులో ఒకాయన కొత్త బండి తాత్కాలిక రిజిస్ట్రేషను 2011 జూలై 19న తీరిపోయింది. జూలై 28 రాత్రి జోధ్‌పూరులో బస చేసినచోట బండి దొంగతనమైంది. ఇన్సూరెన్సు పాలసీ అమలులోనే ఉన్నది. అయినా రిజిస్ట్రేషను లేని బండికి పరిహారం ఇవ్వనవసరం లేదని 2021 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తొమ్మిది రోజుల ఆలస్యం! పదేళ్లు కోర్టులలో తిరిగి ఆయన వట్టి చేతులతో మిగిలాడు.

మన కుటుంబాలలో తరచుగా కనబడే చిక్కు మరొకటి ఉన్నది. తండ్రి చనిపోయి ఏళ్లు గడచినా స్కూటరు ఆయన పేరుననే ఉంటుంది. గడువు తీరిన తరువాత గాని ఎవరికీ గుర్తు రాదు. పునరుద్ధరణకు వెళితే యజమాని సంతకం అడుగుతారు. యజమాని మరణించిన ముప్పై రోజులలోగా ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, మూడు నెలలలోగా వారసుని పేరు మీదికి మార్చుకోవాలని నిబంధన. చలానా మాత్రం నడిపినవారినే పట్టుకొంటుంది, "బండి నాన్నగారిది" అంటే చెల్లదు. కాబట్టి అట్టివారు మరణ ధృవపత్రం, వారసుల సమ్మతి తీసుకొని ముందు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. ఫారం 25 ఆ తరువాతనే.