గీత గీస్తే దొంగ దొరికినట్టేనా?

జనవరిలో, సంక్రాంతి సెలవులకి ముందు, ఒక పొద్దున హాస్టల్ మిద్దె ఎక్కితే శేషాచలం కొండలు కనపడలేదు. మంచేమో అనుకున్నాం. గొంతులో గరగర మొదలయ్యాక పొగ అని అర్థమైంది.

అమెరికా సంస్థ నోవా వాళ్ల హైస్ప్లిట్ మోడల్‌ని వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా నడపొచ్చు. తిరుపతి ఇచ్చి, ఎత్తు 500 మీటర్లు పెట్టి, 48 గంటలు వెనక్కి నడిపాను. బంగాళాఖాతం నుంచి కృష్ణపట్నం మీదుగా మన దాకా ఒక ఎర్ర గీత వచ్చింది. అక్కడ థర్మల్ ప్లాంట్ ఉంది కదా! గ్రూపులో పెట్టగానే "దొరికింది మచ్చా, పొగ అక్కడిదే" అని తేల్చేశారు. నేనూ కాసేపు హీరోలా ఫీలయ్యాను.

ఈ గీతని ట్రాజెక్టరీ అంటారు. (తెలుగులో గమనపథం అట. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, నాకు గీతే నయం.) ఊహలో ఒక గాలి ముద్దని తీసుకుని, అది పక్క గాలితో కలవదనుకుని, ఏ గంటకి ఎక్కడుండేదో లెక్కేస్తారు. అంతే. నిజం గాలి కలుస్తూ, చెదురుతూ పోతుంది. దారిలో ఎవరు ఎంత పొగ వదిలారో గీతకి తెలీదు.

డౌట్ వచ్చి ఎత్తు 100 మీటర్లకి మార్చాను. గీత పొట్టిదైపోయి, ఇంకో దిక్కుకి తిరిగింది! నేను వాడిన డేటాలో ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే దాదాపు 110 కిలోమీటర్లు. తిరుపతి, గాదంకి, చిత్తూరు మూడూ ఒకే గడిలో పడతాయి. ఇంక మన కొండలు దానికేం కనపడతాయి? గీత పొడవులో 15 నుంచి 30 శాతం తప్పు ఉండొచ్చని నోవా వాళ్లే చెప్తారు. 500 కిలోమీటర్ల గీతకి 75 నుంచి 150 కిలోమీటర్లు. మనకీ కృష్ణపట్నానికీ మధ్య దూరమే సుమారు 105.

గీత దండగ అనట్లేదు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్లూ ఇలాంటి గీతలు వాడతారు. కానీ వాళ్ల దగ్గర బెలూన్లు, రాడార్లు, గాలిలోని ధూళి కొలతలు ఉన్నాయి. కొలతలు లేకుండా ఒక్క గీత చూపించి ఒకరిని దొంగ అనడం నాకు తప్పనిపిస్తోంది.

ఇంకో సంగతి. మా హాస్టల్ వెనక తెల్లారుజామున చెత్త కాలుస్తారు, ప్లాస్టిక్‌తో సహా. కిటికీ నుంచి 60 అడుగులు. ఆ రోజు పొగంతా దానిదే అనను, అది కూడా గీత గీసినట్టే. కానీ ఎక్కడో ఉన్న ప్లాంట్‌ని తిట్టిన మేమెవరమూ దీని గురించి ఒక్క మాట అడగలేదు.

గ్రూపులోంచి గీత తీసేశాను. చెత్త గురించి వార్డెన్ సార్‌కి లెటర్ రాశాం. గ్రూపులో నూటముప్పై మంది ఉన్నాం. ఇప్పటికి సంతకాలు పదకొండు.