గుండెల మీద కూర్చున్నది ఎవరు?

గత వేసవిలో భీమవరం దాపునున్న ఒక గ్రామం నుండి ఒక రైతు తన ఇరవై యేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని రాజమహేంద్రవరంలోని మా వైద్యశాలకు వచ్చాడు. కుర్రవాడి మెడలో మూడు తాయెత్తులు, దండకు రక్షరేకు, మణికట్టుకు నల్లదారం ఉన్నాయి. నాడి చూడడానికి ఆ దారాన్ని పైకి జరపవలసి వచ్చింది.

"గురువుగారూ, మావాడికి గాలి సోకిందండి. తెల్లారగట్ల గుండెల మీద కూర్చుని నొక్కేస్తోందంటండి. కళ్ళు తెరుచుకునే ఉంటాయంటండి, కేకేద్దామంటే నోరు పెగలదంటండి" అన్నాడు తండ్రి. అప్పటికే ఇద్దరు భూతవైద్యులకు, ఒక హోమానికి కలిపి ఇరవై వేల రూపాయల పైచిలుకు ఖర్చయింది. కుర్రవాడు తల వంచుకొని కూర్చున్నాడు. "బాబూ, రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నావు?" అని అడిగాను. ఇంతమంది చూశారు గాని అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

వారిది రొయ్యల చెరువు. చెరువు నీటిలోని ప్రాణవాయువు రాత్రి గడిచేకొద్దీ తరిగిపోయి, సూర్యోదయానికి ముందు మరీ తక్కువ స్థాయికి చేరుతుంది. వెలుతురు లేని వేళ నీటిలోని నాచు ప్రాణవాయువును ఇవ్వకపోగా తానే పీల్చుకుంటుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్లే. అందుచేత కుర్రవాడు పదకొండింటికి పడుకొని, రెండింటికి లేచి, గట్టు చుట్టూ తిరిగి, నాలుగింటికి పాకలో వెల్లకిలా నడుం వాల్చేవాడు. దయ్యం వచ్చేది సరిగ్గా ఆ తరువాతనే. ఎందుకో ముందు చెబుతాను.

నిద్రలో ఇట్లా బిగుసుకుపోయిన మనిషికి మంత్రం వేయించడమే గాక మందు పోయడం కూడా తొందరపాటే అని నా అభిప్రాయం. మొదట చూడవలసినది ఆ మనిషి నిద్రను. ఇది నేను పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు, ఒక తప్పు చేసి నేర్చుకున్న మాట.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చిన మరుసటి సంవత్సరం. గురుకులం విడిచి స్వతంత్రంగా వైద్యం ప్రారంభించిన కొత్త రోజులవి. పెళ్ళి నిశ్చయమైన ఒక అమ్మాయిని తీసుకువచ్చారు. రాత్రివేళ నల్లని ఆకారం గదిలోకి వచ్చి మీద పడుతోందనీ, కాలు చేయి ఆడడం లేదనీ చెప్పింది. నేను గ్రంథం తిరగేసి, పదిమంది ఎదుట "ఇది భూతోన్మాద లక్షణం" అన్నాను. నస్యం ఇచ్చాను, విరేచనం చేయించాను. మందు ఏ మేలు చేసిందో తెలియదు గాని నా మాట మాత్రం ఊరు దాటింది. పెళ్ళివారు మానుకున్నారు. ఆ అమ్మాయికి పగటిపూట ఏ వికారమూ లేదు. మాట, నడత, పని అన్నీ సవ్యమే. వరదకు ఇల్లు కూలి, బంధువుల ఇంట ఇరుకులో ఏడాదిగా సరిగా నిద్ర లేదన్న సంగతి నేను అడగనే లేదు.

మా గురువుగారి వద్దకు వెళ్ళి చెప్పుకుంటే ఆయన కోప్పడలేదు. చరకంలో నిదానస్థానం ఏడో అధ్యాయం మళ్ళీ చదివి రమ్మన్నారు. తనంత తాను క్లేశం తెచ్చుకోని మానవుణ్ణి దేవతలు గాని, గంధర్వులు గాని, పిశాచ రాక్షసులు గాని పీడించరనీ, మూలం ప్రజ్ఞాపరాధమనీ ఆ అధ్యాయంలో ఆచార్యుడు స్పష్టంగా చెప్పాడు. మన గ్రంథాలలో భూతాల ప్రస్తావనే లేదని నేను అనను. ఉన్నది. కాని ఇంతటి హెచ్చరికను పక్కనబెట్టి, ఆ ప్రస్తావనను మాత్రం పట్టుకొని ఊగడం వైద్యుని లక్షణం కాదు.

ఇక దీని తత్త్వం. కలలు కనేటప్పుడు కనురెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే నిద్రావస్థ ఒకటున్నదని 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు ప్రకటించారు. ఆ అవస్థలో మెడ, కాళ్ళు, చేతుల కండరాలు పూర్తిగా సడలి ఉంటాయని కొద్ది సంవత్సరాలకే ఫ్రాన్సు దేశంలో మిషెల్ జువే పిల్లులపై చేసిన పరీక్షలలో చూపాడు. ఇది రోగం కాదు, రక్షణ. కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీద కూడా పరుగెత్తితే మనలో ఎవరికీ కాళ్ళు మిగలవు. మెదడే లోపల గడియ వేసి ఉంచుతుంది. కనుగుడ్లను, శ్వాసను నడిపే ఉదరవితానాన్ని మాత్రం వదిలేస్తుంది. ఒక్కొక్కప్పుడు గడియ తీయకముందే మనస్సు మేలుకుంటుంది. గది కనబడుతుంది, దూలాలు కనబడతాయి, పక్క మంచం మీది మనిషి గురక వినబడుతుంది. కాని చేయి లేవదు. సగం మిగిలిన కల ఆ గదిలోకే ఒలికి ఆకారమై నిలబడుతుంది. గట్టిగా ఊపిరి పీల్చబోతే ఛాతీ కండరాలు సహకరించవు గనుక బరువు పెట్టినట్లు తోస్తుంది. నిజానికి శ్వాస ఆగదు. కొన్ని క్షణాలు, మహా అయితే కొద్ది నిమిషాలు, అంతే. ఆధునిక వైద్యులు దీనిని స్లీప్ పెరాలిసిస్ అంటారు. పక్షవాతానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ పేరు విని హడలిపోయి వాతహర తైలాల కోసం వచ్చినవారు నాకు తెలుసు.

కలల నిద్ర రాత్రి మూడో భాగంలో ఎక్కువ. నిద్ర మధ్యలో తెగి మళ్ళీ పడుకుంటే మనిషి తొందరగా ఆ నిద్రలోకే జారుకుంటాడు. వెల్లకిలా పడుకున్నవారిలో ఈ స్తంభన అధికమని కూడా గమనించారు. రొయ్యల చెరువు కుర్రవాడికి నాలుగింటి తరువాత వచ్చిన దయ్యం ఇదే.

చరకుడు ఇంద్రియస్థానం అయిదో అధ్యాయంలో గాఢంగా నిద్రపోని పురుషుడే ఇంద్రియాలకు అధిపతియైన మనస్సుతో కలలు చూస్తాడని చెప్పాడు. చూసినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, జరగబోయేది సూచించేది, దోషం వల్ల పుట్టినది అని కలలను ఏడు తెగలుగా విభజించాడు. మొదటి అయిదింటినీ నిష్ఫలాలన్నాడు. భయపడి వచ్చిన వారికి నేను ఈ మాటే ముందు చెబుతాను.

ఇది మన గోదావరి జిల్లాల దయ్యం మాత్రమే కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె ఎక్కి కూర్చుందంటారు. జపానువారు కనాషిబారి అంటారు, ఇనుముతో కట్టివేసినట్లుండడమని అర్థం. మెక్సికోలో చచ్చినవాడు మీదికెక్కాడంటారు. ఇంగ్లీషువారి నైట్‌మేర్ అన్న మాటలోని మేర్‌కు గుర్రంతో సంబంధం లేదు. నిద్రించేవారి గుండెల మీద కూర్చునే పిశాచమని పూర్వార్థం. మన పీడకలలోనూ పీడ ఉండనే ఉన్నది. నిజంగా ఒకే దయ్యమైతే దేశానికొక వేషం వేసుకోవలసిన అవసరమేమి? ముప్ఫైకి పైగా అధ్యయనాలను కలిపి 2011లో చేసిన సమీక్షలో, జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవారు సాధారణ జనంలో నూటికి సుమారు 8 మంది, విద్యార్థులలో 28 మంది అని తేలింది. విద్యార్థుల లెక్క ఎందుకు పెరిగిందో పరీక్షల ముందు పిల్లలను చూసిన తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

అయితే "ఇది వట్టి నిద్ర దోషం" అని చెప్పి పంపించినంత మాత్రాన వైద్యం పూర్తి కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ తీరాన్ని ఊడ్చిపెట్టింది. బలుసుతిప్ప, భైరవపాలెం ప్రాంతాలలో వేటకు వెళ్ళినవారు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత నెలల తరబడి నా వద్దకు వచ్చినవారిలో ఈ బాధ చెప్పినవారు అంతకుముందు నేను చూసినవారికంటె చాలా ఎక్కువ. భయం, దుఃఖం నిద్రను చీలుస్తాయి. చీలిన నిద్రలో ఇది వస్తుంది. ఇది వస్తుందన్న జంకుతో మేలుకొని కూర్చుంటారు. దానితో నిద్ర ఇంకా చెడుతుంది.

వారిలో నడివయసు మత్స్యకారుడొకడు. భార్య ఆ రాత్రి ఇల్లు కూలి పోయింది. తడిసిన చీరతో ఒక మనిషి వచ్చి రొమ్ము మీద కూర్చుంటోందని చెప్పాడు. నేను ఉత్సాహంగా కండరాలు, కనుగుడ్లు, గడియ అన్నీ వివరించాను. అతను శ్రద్ధగా విని, "అయితే అది మా యింటిది కాదంటారాండి?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అతనికి భయమూ ఉన్నది, ఆ రాకే ఆధారంగానూ ఉన్నది. నిద్రకు మాత్రం మందు ఇచ్చి, ఒంటరిగా పడుకోకుండా అన్నగారింట పడుకొమ్మన్నాను. మూడు నెలలకు వచ్చి, "ఇప్పుడు రావడం లేదండి" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉన్నదని నేను చెప్పలేను. అప్పటినుండి ఈ శాస్త్రమంతా చెప్పబోయే ముందు, వచ్చేది ఎవరని అనుకుంటున్నావని అడగడం అలవాటు చేసుకున్నాను.

మళ్ళీ మన కుర్రవాని వద్దకు వద్దాం. తండ్రి బయటకు వెళ్ళాక అసలు సంగతి ఇంకొకటి చెప్పాడు. చెరువు కాపలాకు ముందే, ఫోనులో చూసి, తెలివితో కల కనడం అభ్యసించాడట. నాలుగింటికి అలారం పెట్టుకొని లేవడం, అరగంట మేలుకొని మళ్ళీ కదలకుండా వెల్లకిలా పడుకోవడం. ఒకసారి ఇది కల అని తెలుస్తూనే రాజమహేంద్రవరం రోడ్డు-రైలు వంతెన మీదుగా గోదావరి దాకా ఎగిరాడట. చెబుతున్నప్పుడు అతని కళ్ళు వెలిగాయి. ఆ మాట నేను నమ్మాను. ఈ కలలకు 1913లో డచ్చి దేశపు వాన్ ఏడెన్ పెట్టిన లూసిడ్ డ్రీమ్ అన్న పేరు నేటికీ వాడుకలో ఉన్నది. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరీక్షలో, ఒక వ్యక్తి నిద్రలో ఉండగానే ముందుగా అనుకున్న ప్రకారం కనుగుడ్లను కుడి ఎడమలకు కదిపి, తనకు కలలో స్పృహ ఉన్నదని సైగ చేశాడు. మన పతంజలి సైతం స్వప్నజ్ఞానాన్ని చిత్తానికి ఆలంబనగా చేసుకోవచ్చునన్నాడు.

గమనించండి, రెండూ ఒకే గుమ్మం మీద నిలిచినవే. రెండింటిలోనూ మనస్సు మేలుకున్నది, శరీరం కలనిద్రలోనే ఉన్నది. ఒకచోట ఆనందం, ఒకచోట హడలు. తనంత తాను వచ్చిన ఎరుకగల కలను ఆనందించడంలో దోషం లేదు. కాని దానికోసం గడియారం పెట్టి నిద్రను నరుక్కోవడం నాకు సమ్మతం కాదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఉపస్తంభాలని మన శాస్త్రం. స్తంభాన్ని చెక్కి బొమ్మలు చేసుకుంటే ఇల్లు ఏమి కావాలి? ఈ కుర్రవాడు తానే తలుపు తెరిచిపెట్టి, లోపలికి వచ్చినదాన్ని చూసి భయపడ్డాడు.

చేయవలసినది కష్టమైనది కాదు. రోజూ ఒకే వేళకు పడుకోవడం, ఒకే వేళకు లేవడం ప్రధానం. పక్కకు తిరిగి పడుకోవాలి. రాత్రి భోజనం తేలికగా, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించాలి. రాత్రివేళ పెరుగు కూడదని చరకం. ఈ మాటకు మా జిల్లాల వారి దగ్గర విలువ లేదని తెలిసి కూడా చెబుతున్నాను. నిద్ర కలిగించే వాటిలో గేదె పాలు శ్రేష్ఠమని సూత్రస్థానం 25వ అధ్యాయం చెబుతున్నది. గోరువెచ్చగా ఒక చిన్న గ్లాసు చాలు. మధుమేహం ఉన్నవారు పంచదార వేసుకోరాదు. అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేస్తే ఎంత మేలో, నాలుగు రోజులు చేసి చూడండి. సాయంత్రం దాటాక కాఫీ, టీ మానాలి. సర్పగంధ వంటివి అంగట్లో కొని సొంతంగా వాడవద్దు. అది రక్తపు పోటును దించే ఓషధి.

బిగుసుకున్న క్షణంలో పెనుగులాడితే భయం హెచ్చుతుంది. ఊపిరి ఆడుతూనే ఉన్నదని తలచుకొని, కాలి బొటనవేలిని మాత్రం కదపడానికి ప్రయత్నించాలి. ఆంజనేయ దండకం మనస్సులో చదువుకుంటామన్న వారిని నేను వారించను. పక్కనున్నవారు గుర్తించినట్లయితే భుజం తట్టి పేరు పెట్టి పిలిస్తే చాలు. వేపమండలతో కొట్టనక్కరలేదు.

కొన్నింటిని మాత్రం తేలికగా తీసుకోరాదు. గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారు, పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ ఆపుకోలేక నిద్రపోయేవారు, పకపకా నవ్వినప్పుడు మోకాళ్ళు జారి కూలబడేవారు, నిద్రలో కాళ్ళు చేతులు కొట్టుకొని నాలుక కరచుకునేవారు నరాల వైద్య నిపుణుని వద్దకు వెళ్ళాలి. వయసు మీరినవారు కలలో కేకలు వేస్తూ పక్కవారిని తన్నడం దీనికి విరుద్ధమైన స్థితి. అక్కడ గడియ పడడం లేదన్నమాట. అదీ చూపించవలసినదే. ఇటువంటివారిని నేనే పంపిస్తుంటాను. అందులో ఆయుర్వేదానికి చిన్నతనం ఏమీ లేదు.

రైతు చెరువుకు వంతులవారీగా మరొక మనిషిని పెట్టుకున్నాడు. ఆరు వారాల తరువాత కుర్రవాడు ఒక్కడే వచ్చాడు. నల్లదారం లేదు గాని మెడలో తాయెత్తు ఒకటి మిగిలి ఉన్నది. "అమ్మ తియ్యనివ్వలేదండి" అన్నాడు. ఉండనిమ్మన్నాను. ఈ మధ్యకాలంలో ఒక్కసారే వచ్చిందట. బొటనవేలు కదిపితే వదిలేసిందట. పక్కకు తిరిగి ఏడింటిదాకా నిద్రపోయాడట.